ఉప్పు చూసే దిక్కు లేని సూపు

మా గల్లీలో ఎవరికైనా దగ్గు పట్టుకుంటే వైద్యం ఒక వరసలో నడుస్తుంది. ముందు మిరియాలు. అవి పనిచేయకపోతే దిష్టి తీయడం. అదీ పనిచేయకపోతే దవాఖానా. నేనూ ఆ వరసలోనే పోయాను. మీరు పోకండి. దగ్గు రెండు వారాలు దాటితే మిరియాలను డబ్బాలోనే ఉంచి తిన్నగా దవాఖానాకు నడవండి. ఈ ఒక్క హెచ్చరిక కోసం చదువుతున్నవాళ్లు ఇక్కడితో లేవచ్చు. మిగతాదంతా ఒక సూపు గురించి, మా ఆయన గురించి.

నా పేరు బాలమణి. పుట్టింది, పెరిగింది, కాపురం చేస్తున్నది అన్నీ కామాఠిపురాలోనే. మా తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి బొంబాయి వచ్చాడు. ఆయన మోసిన రాళ్లతో ఎవరెవరో మేడలు కట్టుకున్నారు, మాకు చాల్‌లో మొదటి అంతస్తు మీద ఒక ఖోలీ, అంటే ఒంటిగది, మిగిలింది. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. గల్లీ మొగదల పొద్దున్నే జొన్నరొట్టెలు, పప్పు, పచ్చిపులుసు పెట్టి అమ్ముతాను. ఊరి నుంచి పనికొచ్చిన పిల్లలు నా దగ్గర తిని సైట్లకు పోతారు. "బాలవ్వ చేతి ఉప్పు" అని పేరు. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, పప్పులో ఉప్పు నేనెన్నడూ నాలుక మీద వేసుకుని చూడలేదు. చెయ్యే చెప్పేది. ఉప్పు విషయంలో నాకు అంత పొగరు ఉండేది.

*మృగశిర*

పోయిన ఏడు మృగశిరకు ముందు దగ్గు మొదలైంది. పిండి దుమ్ము అనుకున్నాను. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, ఎండ అనుకున్నాను. రవికలు వదులైతే, పోనీలే సన్నబడ్డానని లోలోపల మురిశాను కూడా. మిరియాల చారు కాచుకుని తాగాను. మా ఆయన ఎల్లయ్య ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి నిప్పుల్లో వేశాడు. ఆ పొగకు నేను దగ్గిన దగ్గుకు పక్క ఖోలీవాళ్లు లేచొచ్చారు.

అదే వారం వర్లి నుంచి మా స్వాతి ఫోన్ చేసింది. నాకు ఒక్కతే కూతురు. పెళ్లయి అక్కడి చాల్‌లోనే అత్తగారింట్లో ఉంటుంది. సంతోషమైనా కోపమైనా మరాఠీలో మొదలుపెట్టి తెలుగులోకి దిగుతుంది. ఆ రోజూ, అమ్మా ఒక మాట చెప్పనా అని మరాఠీలోనే అందుకుంది.

"ఆయీ, ఏక్ గోష్ట సాంగూ? నువ్వు అమ్మమ్మవైతున్నవ్!"

నవ్వబోయాను. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక చూస్తే కొంగు మీద ఎర్రటి చుక్క ఉంది. ఇక మిరియాలతో అయ్యే పని కాదని అప్పుడు తెలిసింది.

డిస్పెన్సరీ బల్ల మీద కూర్చున్నవాళ్లందరూ నేల చూపులే. మాస్కుల వెనక ఎవరి భయం వాళ్లది. నా పక్కన ఒక ముసలి మరాఠీ మామ కూర్చున్నాడు. నా బిక్కమొహం చూసి, "పహలీ బార్?" అన్నాడు, మొదటిసారా అని. తలూపాను. జేబులోంచి పిప్పరమెంటు తీసి నా చేతిలో పెట్టి, ఇక్కడి గోళీలు చాలా చేదు, అవి మింగాక ఇది చప్పరించు, భయపడకు, నేను మూడు నెలల నుంచి మింగుతున్నాను, చావలేదు చూడు అన్నాడు హిందీలో. టీబీ అని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆ పిప్పరమెంటు నా పిడికిట్లోనే కరిగి ఉంది.

డాక్టరమ్మ మంచిదే, మాట మాత్రం కుండ బద్దలు. మందు నేనిస్తాను, తిండి నువ్వు తినాలి అంది. గుడ్లు, మాంసం, పప్పు. తినకుండా ఇంకా చిక్కిపోతే ఆసుపత్రిలో పడుకోబెడతానంది. కఫం పరీక్షలో ఏమీ లేదని తేలేదాకా కడుపుతో ఉన్న కూతుర్ని గడప తొక్కనివ్వొద్దంది.

చివరి మాట దగ్గర నా ప్రాణం లేచిపోయింది. మాలో తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఏడో నెల పడగానే ఒడి నింపి బిడ్డను తెచ్చుకోవాలి. అది తల్లి హక్కు, తల్లి పని. నా తొలి కాన్పుకు మా అమ్మ నన్ను ఇదే ఖోలీకి తెచ్చుకుంది. స్వాతికి ఏడో నెల దీపావళికి పడుతుంది. అప్పటికి నేను నయం కాకపోతే?

రోగం సంగతి స్వాతికి చెప్పక తప్పలేదు. రెండు రోజులకే వియ్యపురాలు ఫోన్ చేసింది. పెద్దమనిషి, మాట ఎన్నడూ తూలదు.

"వదినా, పానం మంచిగ జేస్కో. ఈ కాన్పు మా కాడనే కానియ్యి. కోడలైనా బిడ్డైనా ఒకటే గద."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే ఎక్కువ మండింది. ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగి ఏడ్చాను. దీపావళికి నా బిడ్డను నా ఇంటికి తెచ్చుకోకపోతే నా పేరు బాలమణి కాదని ఆ గోడకే చెప్పాను.

*నోరు చచ్చిపోయిన రోజులు*

మందులు పడ్డాయి. జ్వరం తగ్గింది. కానీ నోరు చచ్చిపోయింది. ఏది పెట్టినా తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టే. అన్నం వాసనకే కడుపులో తిప్పేది. రొట్టెల బండి మూసేశాను. తల దగ్గర గ్యాలరీ కిటికీ తెరిచి పెట్టుకుని చాప మీద పడుకునేదాన్ని. గాలి ఆడాలని డాక్టరమ్మ చెప్పింది.

వండేది మా ఆయన, సైటుకు రోజు విడిచి రోజు పోతూ. ఆయన మేస్త్రీ. ఇటుక మీద ఇటుక పేర్చమంటే దారం లేకుండా పేరుస్తాడు గానీ, పాతికేళ్ల కాపురంలో చాయ్ తప్ప ఏదీ పెట్టి ఎరగడు. అన్నం మాడితే నీళ్లు పోసేవాడు, నీళ్లెక్కువైతే బియ్యం పోసేవాడు. సిమెంటు మాలు కలిపినట్టే ఇదీ అనుకున్నాడు. కోడిగుడ్లు ఉడకబెట్టి తెస్తే నేను సగం కొరికి పక్కన పెట్టేదాన్ని. డిస్పెన్సరీ కాటా మీద ముల్లు వెనక్కే పోతూ ఉంది.

అట్లాంటి రోజున డాలీ ఆంటీ మెట్లెక్కి వచ్చింది.

డాలీ ఆంటీ మా చాల్‌లోనే కింది అంతస్తులో ఉంటుంది. ఆంగ్లో ఇండియన్. భర్త రైల్వేలో గార్డుగా చేసి పోయాడు. ఆ ముసలావిడను చూసి కొత్తవాళ్లు ఇంగ్లీషులో మాట్లాడబోతారు. ఆమె పుట్టింది సికింద్రాబాదు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో. పూల గౌను వేసుకుని మాకంటే చిక్కటి తెలంగాణ మాట్లాడుతుంది.

"ఏందే బాలమణీ, సూఖ్ గయీ పూరా! తిండి తినవా ఏంది?" అంది గుమ్మం అవతల స్టూలు వేసుకుని.

"ఆంటీ, లోపలికి రాకు. నాది మంచి రోగం కాదు," అన్నాను. గల్లీలో అందరితో నిమోనియా అని చెప్పిన నేను ఆమెతో మాత్రం అబద్ధం ఆడలేకపోయాను.

"నాకెర్కనే. గా గోళీల రంగు జూసిన. మా డాడీకి గదే రోగం. మూతికి గుడ్డ కట్టుకో, నేను బయట్నే కూసుంట. మా మమ్మీ డాడీకి ఏం తాపిందో ఎర్కనా? ముల్లిగటానీ. దినాం తాపింది. ఎనభై ఏండ్లు బతికిండు."

మా ఆయన గరిటె పట్టుకుని నిలబడ్డాడు. "అదేంది ఆంటీ?"

"మటన్ సూపు. మిరియాల చారుకు చుట్టమే అనుకో. అంగ్రేజోళ్లు వాళ్ల తీరుగ జేసుకున్నరు, మా ఆడోళ్లు దాన్ని మల్ల మన తీరుగ జేసిన్రు. పొద్దుగాల పొయ్యెక్కితే పొద్దుగూకాలె. తొందర పడ్డవా, సూపు కాదది, బొక్కల నీళ్లు."

మా ఆయనకు ఆ పేరు నోరు తిరగలేదు. ఆంటీ చారు అన్నాడు. మా ఇంట్లో దానికి ఆ పేరే నిలిచిపోయింది.

మొదటిసారి చేసిన సూపు గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. మెడ మాంసం, బొక్కలు, ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, ధనియాలు, జీలకర్ర, మిరియాలు, కరివేపాకు, గుప్పెడు ఎర్రపప్పు. అన్నీ ఆంటీ చెప్పినట్టే వేశాడు. ఆమె అట్లా మందులు వేసుకోవడానికి కిందికి దిగిందో లేదో, నిమ్మకాయంత చింతపండు పిసికి పోసేశాడు. ఎవరూ చెప్పలేదు. మావాళ్లకు పొయ్యి మీద నీళ్లు మరుగుతూ కనబడితే చాలు, చెయ్యి చింతపండు డబ్బా మీదికి దానంతటదే పోతుంది. పులుపు పడితే పప్పు ఉడకదని మా ఇంటి పిల్లికి కూడా తెలుసు, మా ఆయనకు తెలియదు. సాయంత్రానికి మాంసం పీచు పీచుగా బిగుసుకుంది, పప్పు పలుకు పలుకుగా తేలింది.

ఆంటీ గిన్నెను గుమ్మం దగ్గరికే తెప్పించుకుని, గరిటె ముంచి చూసి నెత్తి కొట్టుకుంది. "ఎల్లయ్యా! గిది సూపా, కంకరా? పులుపు ఆఖర్ల ఎయ్యాలె, పొయ్యి బంద్ జేసినంక. అది సుత చింతపండు కాదు, నిమ్మకాయ!"

"పులుసు లేకుంటే కూరెట్లయితది ఆంటీ?" అన్నాడు ఈయన నిజంగానే అర్థం కాక.

అప్పుడు నేను నవ్వాను. రోగం పేరు తెలిసిన తర్వాత నవ్వడం అదే మొదలు. మా ఆయన తిరిగి నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. కంకర వండినందుకు మెడల్ ఇచ్చినట్టు నిలబడ్డాడు.

రెండోసారి నేను చాప మీద నుంచే పెత్తనం చేశాను. నాలుక లేదు, ముక్కు పనికిరాదు, కానీ చెవులు ఉన్నాయి కదా. గిన్నె మోత వింటూ పడుకునేదాన్ని. గలగలమంటే, "మంట తగ్గించయ్యా, ఉరుకుతున్నది" అనేదాన్ని. చప్పుడు లేకపోతే, "నిద్రపోయింది, జర లేపు" అనేదాన్ని. కుత, కుత, మధ్యలో కాస్త ఆగి మళ్లీ కుత అనాలి. అట్లా అంటూ ఉంటే బొక్కలోని మూలుగ మెల్లగా దిగుతుంది, పప్పు కనబడకుండా కరుగుతుంది, చారు చిక్కబడుతుంది. చివర కొబ్బరిపాలు, నిమ్మరసం.

ఉప్పు సంగతి వచ్చేసరికి, "చూడయ్యా ఎట్లున్నదో" అన్నాను. మా ఆయన మాట తప్పించి, "ఆంటీ చూస్తది తియ్యి," అన్నాడు. ఆంటీ చెంచాతో తాగి కళ్లు మూసుకుని, "ఫస్ట్ క్లాస్!" అంది. నాకు మేకు చప్పరించినట్టే ఉంది. సగం తాగాను. మిగతా సగం, ఆయన కిందికి పోయినప్పుడు మోరీలో పారబోశాను. అట్లా చాలాసార్లు పారబోశాను.

*బోనాల నెల*

ఆషాఢంలో గల్లీ పోచమ్మ గుడి దగ్గర బోనాలు. మా గల్లీలో ఆ వారం కోడికూర లేని ఖోలీ ఉండదు. పక్కింటి నుంచి పళ్లెం నిండా కూర వచ్చింది. మా ఆయనకు కోడికూర అంటే ప్రాణం. పెళ్లిచూపుల్లో నన్ను చూశాడో లేదో గానీ, కూర మాత్రం మూడుసార్లు వేయించుకున్నాడని మా అమ్మ చచ్చేదాకా చెప్పుకుని నవ్వేది. ఆ మనిషి పళ్లెం వైపు చూసి, "కడుపుల మంచిగ లేదు," అని తీసుకుపోయి కింద ఎవరికో ఇచ్చి వచ్చాడు.

కోడికూర వద్దన్నాడు మా ఆయన!

అప్పటి నుంచి చూడటం మొదలుపెట్టాను. పచ్చిపులుసు, పప్పు, అంతే తింటున్నాడు. చెంపలు లోపలికి పోయాయి. చొక్కా భుజాల దగ్గర జారుతోంది. సూపు వండుతూ మొహం పక్కకు తిప్పుకుంటున్నాడు, వాసన పడనట్టు. ఒక పొద్దున రెండుసార్లు దగ్గాడు. సైటు దుమ్మని అన్నాడు. నా పిండి దుమ్ము గుర్తుకొచ్చింది. నా రోగం ఆయనకు అంటించాను, నాకు తెలియనివ్వకుండా దాస్తున్నాడు అనుకున్నాను. ఒకే ఖోలీ, ఒకే గాలి. నేను బతికి ఆయన పోతే ఆ బతుకు ఎందుకని పోచమ్మను అడిగాను. మొత్తం రోగంలో నాకు అసలు భయమేసింది ఆ కొన్ని రోజులే.

మర్నాడు పని మాన్పించి, రెక్క పట్టుకుని డిస్పెన్సరీకి లాక్కుపోయాను. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆయనకు ఛాతీ ఫోటో తీశారు, పరీక్షలు చేశారు. పిలుపు కోసం ఎదురుచూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు.

"ఎన్నొద్దులాయె దాస్తున్నవ్? నిజం జెప్పు."

"ఏం దాసిన?"

"కూర ముడతలేవు. చిక్కి సగమైనవ్. నాకు కండ్లు లేవనుకున్నవా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. మాస్కు కిందికి లాగి, నేను కసిరితే మళ్లీ పైకి లాక్కున్నాడు.

"మొక్కిన," అన్నాడు.

"ఏం మొక్కినవ్?"

"నీకు నయమై, స్వాతి ఏడో నెలల మన గడపల కాలు వెట్టేదాక మాంసం ముట్టనని పోచమ్మకు మొక్కిన. మొక్కిన మాట నోట అనొద్దంటరు గద, అందుకే చెప్పలే. ఇప్పుడు అనిపిచ్చినవ్."

ఇన్నాళ్లూ ఉప్పు ఎందుకు చూడలేదో అప్పుడు తెలిసింది. అరచేతిలో చుక్క వేసుకుని నాకినా మొక్కు చెడుతుందని, రోజంతా మటన్ ముందు నిలబడి, ఆ వాసన పీల్చుకుంటూ, సాయంత్రం పచ్చిపులుసు పోసుకుని తిన్నాడు.

"ఓ తిక్క మనిషీ! పోచమ్మకు మేకపోతును మొక్కుతరు గాని, గిట్ల నోరు కట్టుకుంటరా ఎవరన్న?"

"మేకపోతును అందరు ఇస్తరే. ఇస్తే దాన్ని మల్ల మనమే తింటం. అండ్ల నాదేం పోయినట్టు?"

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి దగ్గయింది, బల్ల మీద అందరూ మా వైపు తిరిగారు. లోపలికి పిలిచి, మీ ఆయనకు ఏమీ లేదు, కాస్త తినాలి అంతే అని డాక్టరమ్మ చెప్పింది. తినమన్నది మా ఇద్దరిలో ఎవరినో ఆమెకే తెలియాలి.

ఆ రోజు నుంచి మోరీలో ఒక్క చుక్క పారబోయలేదు. రుచి తెలియకపోతే ఏం? కళ్లు మూసుకుని గిన్నె ఎత్తి గటగట తాగేదాన్ని. తాగి గిన్నె బోర్లించి చూపించేదాన్ని. కాసేపటికి గొంతు ఎండిపోయి చెంబెడు నీళ్లు తాగేదాన్ని, మందుల వేడి అనుకుని. డాలీ ఆంటీ గుమ్మం అవతల నుంచి "ఫస్ట్ క్లాస్, ఎల్లయ్యా! మా మమ్మీ తర్వాత నువ్వే!" అనేది. మా ఆయన మీసం దువ్వుకునేవాడు.

*గణపతి వెళ్ళిపోయాక*

కాటా ముల్లు ముందుకు కదలడం మొదలైంది. కఫం పరీక్ష బాగా వచ్చింది. ఇక ఎవరికీ అంటదు, కానీ గోళీలు మాత్రం ఆఖరిదాకా మింగాలి, బాగున్నానని మధ్యలో మానితే తాట తీస్తానని డాక్టరమ్మ చెప్పింది. ఇది చదివేవాళ్లకూ అదే చెబుతున్నాను.

గణపతులు సముద్రంలో కలిసిన తర్వాత ఒక సాయంత్రం, ఎప్పటిలాగే కళ్లు మూసుకుని గిన్నె ఎత్తాను. మొదటి గుక్కకే నాలుక చివర నిమ్మకాయ చురుక్కుమంది. కళ్లు తెరిచాను. వెనకే మిరియం ఘాటు. నా నోరు! నా నోరు వచ్చింది! సంతోషంతో ఇంకో పెద్ద గుక్క తీసుకున్నాను.

"థూ!"

గణపతులను కలిపిన సముద్రాన్నే గిన్నెలో పోసి ఇచ్చినట్టుంది.

మా ఆయన గరిటె వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందే? వాంతి వస్తుందా?"

"ఉప్పయ్యా! ఉప్పు కషాయం ఇది! ఎవరేసిన్రు ఇంత ఉప్పు?"

"నేను లెక్క ప్రకారం ఏసిన."

గుమ్మం అవతల డాలీ ఆంటీ మెల్లగా, "నేను సుత ఏసిన," అంది. "ఎల్లయ్యా, రుచి జూడ గిన్నె నా కాడికి తెచ్చినప్పుడల్ల, నువ్వు మర్సిపోయినవేమోనని జర ఏస్తుంటి."

"మరి ఫస్ట్ క్లాస్ అంటివి గద ఆంటీ? ప్రతిసారి సూస్తివి గద?"

ఆంటీ గౌను అంచు మడత పెట్టుకుంటూ కూర్చుంది. తర్వాత చెప్పింది. కరోనా వచ్చి పోయినప్పటి నుంచి ఆమెకు నాలుక మీద ఏ రుచీ తెలియదట. ముక్కూ అంతే. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదట.

"చెప్తే వీడు వండుడు బంద్ జేస్తడు, నువ్వు తాగుడు బంద్ జేస్తవ్. మా మమ్మీ సూపు ఎట్లుంటదో నాకు యాది ఉంది. అదే అనుకుని తాగిన. ఫస్ట్ క్లాసే ఉండె."

రోగంతో నోరు చచ్చిన నేను, మొక్కుతో నోరు కట్టుకున్న ఆయన, ఏనాడో నోరు పోయిన ఆంటీ. ముగ్గురం కలిసి అన్ని నెలలు ఒక సూపు వండాం. నేను నవ్వడం మొదలుపెడితే ఆంటీ నవ్వింది, ఆమె స్టూలు కిర్రుమంది. మా ఆయన మాత్రం నవ్వలేదు. గిన్నె వైపే చూస్తూ నిలబడ్డాడు.

*దీపావళి*

తర్వాత వారం నుంచి పొయ్యి దగ్గర నేనే. దీపావళికి ముందు ఒక పొద్దున సూపు పెట్టి, సాయంత్రానికి స్టీలు క్యాన్‌లో పోసుకుని ఇద్దరం వర్లి పోయాం. ఒడి నింపే సామాను, చీర, పసుపు కుంకుమ అన్నీ సంచిలో ఉన్నాయి. వియ్యపురాలు పంపుతుందో లేదో తెలియదు. అడగడానికి నోరు రాక, సూపు పట్టుకుపోయాను.

స్వాతి తలుపు దగ్గరే నిలబడి ఉంది. పొట్ట ముందుకొచ్చింది. ఫోన్‌లో చూడటం వేరు, కళ్లతో చూడటం వేరు. నేను అడుగు ముందుకు వేయలేదు. వియ్యపురాలు ఏమంటుందోనని చూశాను.

"వదినా, దవాఖానల నయమైందన్నరు. ఇగ ఎవలకు అంటుకోదంట," అన్నాను. నా చెయ్యి తగిలినా ప్రమాదం లేదనడానికి నాకు అంతకంటే మాట దొరకలేదు. క్యాన్ అందించాను. "నా చేతితోని వండిన."

ఆమె క్యాన్ అందుకుంది. మూత తీసింది. వాసన చూసింది. లోపలికి పోయి గిన్నె తెస్తుందా, పక్కన పెట్టి మరిచిపోయినట్టు ఉంటుందా? నా చేతి తిండి ఆ ఇంట్లో దిగకపోతే నా బిడ్డ నా ఇంటికి రాదు. మా ఆయన గోడకు ఆనుకుని, చెప్పుల వైపు చూస్తున్నాడు.

వియ్యపురాలు అక్కడే నిలబడి, అరచేతిలో కొంచెం వంచుకుని, చప్పరించి, మళ్లీ ఇంకొంచెం వంచుకుంది.

"మంచిగున్నది వదినా," అంది. "ఉప్పే జర తక్కువైంది."

మా ఆయన ఫక్కున నవ్వాడు. ఉప్పంటే భయం పట్టుకుని చెయ్యి బిగబట్టి వేశాను మరి. స్వాతి అప్పటికే నా మెడ మీద పడి ఏడుస్తోంది. "ఆయీ, కిత్తీ బారీక్ ఝాలీస్ గ" అంటుంది, ఎంత చిక్కిపోయావే అని. మందులు మొదలైన కొత్తలో అది నన్ను చూసి ఉంటే ఏమనేదో! వియ్యపురాలు చెయ్యి కడుక్కుని వచ్చి, "పొద్దు ఉండంగనే బిడ్డను తీస్కపో. చీకటి పడితే ట్రాఫిక్ ఎక్కువైతది," అంది. అంతే. అన్ని నెలలు నేను గోడతో చేసిన పోట్లాట అంత చిన్న మాటతో తీరిపోయింది.

అక్కడే స్వాతికి ఒడి నింపి, ఇంటికి తెచ్చుకున్నాం. గడపలో నీళ్లు తిప్పిపోసి, ఎర్రనీళ్లతో దిష్టి తీశాక, స్వాతి కుడికాలు లోపల పెట్టింది. కింది నుంచి డాలీ ఆంటీ కేక పెట్టింది, "ఎల్లయ్యా! ఇగ తిను!"

సూపు కొంచెం ఇంట్లో ఉంచి పోయాను. వేడి చేసి, ఉప్పు సరిచేసి గిన్నెలో పోసి ఆయన ముందు పెట్టాను. పోచమ్మ గుడి వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. గిన్నె ఎత్తబోయి ఆగాడు.

"ఇది నువ్వు వండింది గద. నేను వండింది ఎట్లుంటుండె?"

"ఎందుకయ్యా ఇప్పుడది?"

"నేను వండినట్టు జెయ్యి. ఒక్కసారి చూస్త."

వద్దన్నా వినలేదు. సరే అని ఆయన వేసే ఉప్పు, ఆంటీ వేసే ఉప్పు లెక్కగట్టి ఆ గిన్నెలో వేసి కలిపి ఇచ్చాను. అన్ని నెలల తర్వాత మాంసం రుచి చూడబోతున్న మనిషి. ఒక గుక్క తాగాడు. మొహం ముడుచుకుపోయింది. మింగాడు. ఇంకో గుక్క తాగాడు. గిన్నె దించి నా వైపు చూశాడు.

"ఇది తాగినవా నువ్వు? ఇన్నొద్దులు?"

"తాగిన."

"ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"నాకు తెలిస్తే గద చెప్పనీకి. తెలిసినా తాగేదాన్నే. పొద్దంత పొయ్యి కాడ నిలబడి చేస్తివి."

మా ఆయన కళ్లలోంచి నీళ్లు జారి మీసంలోకి పోయాయి. పెళ్లిలో కూడా నేను ఆయన్ను అట్లా చూడలేదు. నాకు ఆ మనిషి మీద ఎంత ప్రేముందో ఆ నిమిషంలో తెలిసింది, రాస్తే సిగ్గేస్తోంది గానీ రాస్తున్నాను. గిన్నె లాక్కోబోతే ఇవ్వలేదు. చెంబెడు నీళ్లు పక్కన పెట్టుకుని, అడుగంటా తాగి, నేను చూపించినట్టే బోర్లించి చూపించాడు.

"ఆయీ, నాకు?" అంది స్వాతి, పొట్ట మీద చెయ్యేసుకుని.

దానికి మంచిది పోశాను. ఉప్పు చూసే పోశాను.